రాపిడికి కొలత

ఒక వస్తువు మరియొక వస్తువుపై జారునప్పుడు, లేదా జారుటకు యత్నించునప్పుడు, ఆ రెంటి నడుమ పుట్టి ఆ జారుడును అడ్డగించు బలమునకు ఘర్షణ అని పేరు. వాడుకలో దానినే రాపిడి అందుము. ఇది లేనిచో నడచువాని పాదము నేలపై నిలువదు. గోడకు కొట్టిన మేకు నిలువదు. వేసిన ముడి విడిపోవును. బండిచక్రము ఉన్నచోటనే తిరుగును. ఇది మితిమీరినచో ఇరుసు వేడెక్కును, యంత్రము అరిగిపోవును. కనుకనే బండివాడు ఇరుసునకు కందెన పెట్టును. అదే బండివాడు పల్లమునకు దిగునప్పుడు చక్రమునకు అడ్డు వేయును. ఒకచోట రాపిడిని తగ్గించుచు, వేరొకచోట పెంచుచు మానవుడు తన పనులు నడుపుకొనుచున్నాడు.

అయితే ఎంత తగ్గినది, ఎంత పెరిగినది అని తెలియవలెనన్న కొలత కావలెను. నునుపు, గరుకు అను మాటలు చేతి స్పర్శకు చాలును గాని, నిచ్చెన ఎక్కువానికి చాలవు. స్నానపు గదిలో టైళ్లు పరపించు గృహస్థునకు చాలవు. వాన కురిసిన రోడ్డుపై వాహనము నడుపువానికి అసలే చాలవు. ఆ కొలత యేమి, దానిని ఎట్లు తీయుదురు, తీసిన సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చును అను మూడు విషయములను నేటి ప్రసంగములో వివరింతుము.

సమముగానున్న చెక్కబల్లపై 3 కిలోల బరువుగల ఇటుకను ఉంచితిమనుకొందము. దానికి దారము కట్టి, దారపు కొనకు స్ప్రింగు త్రాసు తగిలించి, బల్లకు సమాంతరముగా మెల్లగా లాగుదము. మొదట ఇటుక కదలదు. మనము ఎంత బలముతో లాగుదుమో ఘర్షణయు అంత బలముతో వెనుకకు లాగుచుండును. అనగా ఘర్షణ ముందుగా ఏర్పడియున్న బలము కాదు. ఎదురైన బలమును బట్టి పెరుగు బలము. కాని ఆ పెరుగుదలకు ఒక హద్దు కలదు. ఆ హద్దు దాటిన క్షణమున ఇటుక కదలును. ఆ క్షణమున త్రాసు 1.5 కిలోలు చూపినదనుకొందము. 1.5ను 3చే భాగించినచో 0.5 వచ్చును. ఈ నిష్పత్తికే ఘర్షణ గుణకమని పేరు. భౌతికశాస్త్రజ్ఞులు దీనిని మ్యూ అను గ్రీకు అక్షరముతో సూచింతురు. బలమును బలముచే భాగించుటచేత వచ్చినది గనుక ఇది కిలోలని గాని, మీటర్లని గాని చెప్పనక్కరలేని ఒట్టి సంఖ్య.

ఇప్పుడు ఆ ఇటుకపై అంతే బరువుగల మరియొక ఇటుకను పెట్టుదము. బరువు 6 కిలోలైనది. లాగవలసిన బలమును ఇంచుమించు 3 కిలోలగును. నిష్పత్తి మారలేదు. పిమ్మట రెండవ ఇటుకను తీసివేసి, మొదటిదానిని వెడల్పు ముఖముపై గాక సన్నని ముఖముపై నిలిపి లాగుదము. బల్లను తాకు వైశాల్యము తగ్గినది గనుక రాపిడియు తగ్గవలెనని ఎవరికైనను తోచును. కాని, ఇటుక ముఖములన్నియు ఒకే గరుకుతనము గలవైనచో, త్రాసు దాదాపు మునుపటి అంకెనే చూపును. ఈ రెండు విషయములును ఘర్షణకు మూలసూత్రములు: ఘర్షణ బరువుతో పాటు పెరుగును, పైకి కనబడు వైశాల్యముతో దానికి పని లేదు.

మరియొక విశేషము కూడ త్రాసుపై కనబడును. ఇటుక కదలిన వెంటనే ముల్లు కొంత వెనుకకు పోవును. నిలిచియున్నదానిని కదలించుటకు కావలసిన బలముకంటె, కదలుచున్నదానిని కదలుచునే యుంచుటకు కావలసిన బలము సాధారణముగా తక్కువ. మొదటిది స్థైతిక ఘర్షణ, రెండవది గతిక ఘర్షణ. కనుక ఒకే జతకు రెండు గుణకములుండును. బరువైన బీరువాను జరుపువారు మొదటి తోపునకే ఎక్కువ ఆయాసపడుట అందరికిని తెలిసినదే గదా!

త్రాసుతో కొలుచునప్పుడు ఒక జాగ్రత్త వహింపవలెను. దారము ఏమాత్రము పైకి వంగినను మన లాగుడు ఇటుక బరువులో కొంత భాగమును ఎత్తివేయును. అప్పుడు బల్లపై ఒత్తిడి తగ్గి గుణకము తప్పుగా వచ్చును. చేయి కుదిపినచో ముల్లు నిలకడగా ఉండదు. ఈ చిక్కులు లేని రెండవ పద్ధతి యొకటి కలదు. దానికి త్రాసు కూడ అక్కరలేదు. ఒక పలకయు, ఒక కొలబద్దయు చాలును.

మీటరు పొడవుగల చదునైన పలకపై ఒక చివర పరీక్షింపదలచిన వస్తువును ఉంచి, ఆ చివరను మెల్లమెల్లగా ఎత్తవలెను. కొంతవరకు వస్తువు కదలదు. ఒకానొక వాలు వద్ద తటాలున జారును. అచ్చట ఆపి, ఎత్తిన చివర నేలనుండి ఎంత ఎత్తున ఉన్నదో కొలువవలెను. ఆ చివరనుండి వ్రేలాడదీసిన తూకపుగుండు నేలను తాకు చోటినుండి పలక అడుగు చివరవరకు గల దూరమును కూడ కొలువవలెను. ఎత్తును ఆ దూరముచే భాగించినచో స్థైతిక ఘర్షణ గుణకము వచ్చును. ఎత్తు 45 సెంటీమీటర్లు, అడుగుదూరము 89 సెంటీమీటర్లు అయినచో గుణకము సుమారు 0.51 అన్నమాట. ఆ వాలునకు విరామ కోణమని పేరు. ఈ ఉదాహరణలో అది సుమారు 27 డిగ్రీలు.

ఇందులోని కిటుకు సులభమైనది. వాలుపై నున్న వస్తువుయొక్క బరువు రెండు పనులు చేయుచుండును. కొంత పలకను అదుముచుండును. కొంత వస్తువును క్రిందికి లాగుచుండును. వాలు పెరిగిన కొలది అదుముడు తగ్గును, లాగుడు పెరుగును. జారిన క్షణమున ఆ రెంటి నిష్పత్తియే గుణకము. ఆ నిష్పత్తియే ఎత్తునకును అడుగుదూరమునకును గల నిష్పత్తి. వస్తువు బరువు ఈ రెండింటియందును సమానముగా ఉండుటచేత భాగహారములో ఎగిరిపోవును. అగ్గిపెట్టెయంత చెక్కముక్కయు, దానికి పదిరెట్లు బరువుగల అదే కర్రముక్కయు ఒకే వాలున జారుట చూచిన పిల్లలకు ఈ సత్యము ఎన్నటికిని మరపునకు రాదు.

ఇంటియందు ఈ ప్రయోగము చేయువారికి కొన్ని సూచనలు చేయుదుము. పరీక్షింపబోవు ముఖములను వ్రేళ్లతో తాకరాదు. చేతి చెమటయు, జిడ్డును సంఖ్యను మార్చివేయును. దుమ్మును పొడిగుడ్డతో తుడువవలెను. పొడవైన వస్తువును నిలువుగా పెట్టినచో అది జారుటకు ముందే బోర్లపడును. కనుక ఎత్తు తక్కువగల వస్తువునే తీసుకొనవలెను. పలకను కుదుపు లేకుండ ఎత్తవలెను. ఒకసారి కొలిచి ఊరకుండక పదిసార్లు కొలిచి, పది అంకెలను వ్రాసికొనవలెను. అవి పదియు ఒకటిగా ఉండవు. నచ్చని అంకెను కొట్టివేయక, అన్నిటి సగటును, అత్యల్పమును, అత్యధికమును చెప్పుటయే నిజాయితీగల కొలత. ఈ వాలు వద్ద ఒక్క డిగ్రీ పొరపాటు గుణకమును సుమారు 0.02 మేరకు మార్చును. అట్టిచో దశాంశ బిందువునకు తరువాత నాలుగు స్థానములు వ్రాయుట కొలత కాదు, ఆడంబరము.

గతిక గుణకమును కూడ ఈ పలకతోడనే తీయవచ్చును. కొంచెము వాలు పెట్టి పలకను వ్రేలితో మెల్లగా తట్టవలెను. ఏ వాలున వస్తువు తట్టగానే కదలి, వేగము పెరగక తరగక ఒకే తీరున క్రిందికి దిగునో, ఆ వాలుయొక్క నిష్పత్తియే గతిక గుణకము.

ఇంత సులభమైన విషయము మానవునకు చిక్కుటకు చాల కాలము పట్టినది. పదునైదవ శతాబ్దపు చివర ఇటలీదేశపు చిత్రకారుడు లియొనార్డో డా వించి వాలుపలకలతోను, కప్పీపై నుండి వ్రేలాడదీసిన బరువులతోను ప్రయోగములు చేసి, పైని చెప్పిన రెండు సూత్రములను తన చిత్తుపుస్తకములలో వ్రాసికొనెను. నునుపైన వస్తువుల ఘర్షణ వాని బరువులో నాలుగవ వంతు అని అతని లెక్క. కాని ఆ పుస్తకములు శతాబ్దములపాటు లోకమునకు తెలియక పడియుండెను. 1699లో ఫ్రాన్సుదేశీయుడు గియోం అమోంతో ఆ సూత్రములనే స్వయముగా కనుగొని పారిస్ విజ్ఞాన పరిషత్తునకు నివేదించెను. అతడు నాలుగవ వంతు అనక మూడవ వంతు అనెను. వీరిద్దరును అన్ని వస్తువులకును ఇంచుమించు ఒకే నిష్పత్తి వర్తించునని భావించిరి. ఆ భావన నిలువలేదు. పదునెనిమిదవ శతాబ్ది మధ్యమున గణితవేత్త ఆయిలర్ వాలుపై జారు వస్తువును గణితముచే విమర్శించి, నిలిచియున్న ఘర్షణకును కదలుచున్న ఘర్షణకును గల భేదమును స్పష్టపరచెను.

ఈ కొలతను ప్రయోగశాలనుండి కార్యశాలకు తెచ్చినవాడు షార్ల్ ఆగస్తిన్ కూలూం. విద్యుత్తు విషయమున ఈతని పేరు మన విద్యార్థులందరికిని పరిచితమే. ఇతడు సైనిక ఇంజనీరు. వెస్టిండీసులోని మార్టినిక్ ద్వీపమున సంవత్సరముల తరబడి కోట కట్టించినవాడు. ఫ్రాన్సులోని రోష్‌ఫోర్ రేవున ఓడలు కట్టు శాలలో ఇతడు పెద్ద బల్లలు వేయించి, ఓక్ మొదలగు కర్రలను, లోహములను, త్రాళ్లను, పొడిగాను, కొవ్వు పూసియు పరీక్షించెను. ఆ పరిశోధనకు 1781లో పారిస్ విజ్ఞాన పరిషత్తు బహుమానము లభించెను. కట్టిన ఓడ వాలుబల్లపై జారి నీటిలోనికి దిగవలెను, తనంతట తాను ముందుగా దిగరాదు, దిగవలసినప్పుడు నిలిచిపోరాదు. అట్టి చోట మూడవ వంతా, నాలుగవ వంతా అని ఊహించుట ఎవరికి క్షేమము? కూలూం ఒక వింతను కూడ గమనించెను. రెండు వస్తువులు ఒకదానిపై నొకటి ఎంతసేపు కదలక నిలిచియుండునో, ఆ కాలమును బట్టియు వాని స్థైతిక ఘర్షణ మారుచుండును. కర్రపై కర్రకు ఈ పెరుగుదల కొలది నిమిషములలోనే ముగియును. కర్రపై లోహమునకు చాలకాలము సాగును.

ఇక వైశాల్యముతో పని లేదన్న మాటకు కారణమేమి? దీనికి సరియైన సమాధానము ఇరువదవ శతాబ్దమున గాని లభింపలేదు. మిక్కిలి నునుపుగా కనబడు తలము కూడ సూక్ష్మదృష్టికి కొండలతోను లోయలతోను నిండిన నేలవంటిది. అట్టి రెండు తలములను చేర్చినప్పుడు శిఖరములు మాత్రమే శిఖరములను తాకును. కేంబ్రిడ్జిలో బౌడన్, టేబర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఈ నిజమైన స్పర్శను కొలిచి, అది పైకి కనబడు వైశాల్యములో అత్యల్పభాగమని చూపిరి. బరువు పెంచినచో ఆ శిఖరములు నలిగి స్పర్శ పెరుగును. అందుచేతనే ఘర్షణ బరువుతో పెరుగును. ఇటుకను సన్నని ముఖముపై నిలిపినను బరువు అంతే గనుక నలిగిన శిఖరముల మొత్తమును అంతే. తలములు రెండు కలియుట స్విట్జర్లాండును తలక్రిందులు చేసి ఆస్ట్రియాపై మోపుటవంటిదని బౌడన్ 1950లో బి.బి.సి. రేడియో ప్రసంగములో పోల్చి చెప్పెను. మన శ్రోతలు పాపికొండలను బోర్లించి నల్లమలపై పెట్టినట్లు భావింపవచ్చును.

ఆ శిఖరములు తాకినచోట ఒకదానినొకటి అంటుకొనును కూడ. 1725లో డెజాగుల్యే అను నతడు రెండు సీసపు గుండ్లను కొంచెము కోసి, ఆ కోసిన ముఖములను మెలిపెట్టి అదిమి, అవి గట్టిగా అంటుకొనుట ప్రదర్శించెను. గాలి లేని శూన్యమున మిక్కిలి శుభ్రపరచిన లోహములు ఇట్లే అతుకుకొనిపోవును. మన చుట్టునున్న లోహములు అట్లు అంటుకొనకుండ కాపాడునవి వానిపై పేరుకొనిన సన్నని ఆక్సైడు పొరయు, తేమయు, జిడ్డును. నునుపు చేసిన కొలది రాపిడి తగ్గుచునే యుండునన్న లోకాభిప్రాయము కూడ ఇందుచేత పూర్తిగా నిజము కాదు.

ఇప్పుడు మా ప్రసంగమునకు ముఖ్యమైన మాట చెప్పుదుము. ఇనుమునకు సాంద్రత యింత అని చెప్పవచ్చును. ఇనుమునకు ఘర్షణ గుణకము ఇంత అని చెప్పుటకు వీలు లేదు. దేనిపై ఇనుము? పొడిగానా, తడిగానా, నూనెతోనా? గుణకము ఒక వస్తువుయొక్క గుణము కాదు. ఒక జతయొక్క గుణము, అదియు ఆ నాటి ఆ స్థితిలో మాత్రమే. పొడిగానున్న ఉక్కుపై ఉక్కునకు అది సుమారు 0.6 గాని, అంతకు మించి గాని ఉండును. నడుమ నూనె చేరగానే సుమారు 0.1కి దిగును. టెఫ్లానుపై టెఫ్లానునకు సుమారు 0.04. మన మోకాటి కీలులోని మృదులాస్థులకు 0.01 ప్రాంతము, కొన్ని వేళల అంతకంటెను తక్కువ. ప్రకృతి పెట్టిన కందెన అంతటిది. గుణకము ఒకటికి మించరాదని కొందరందురు. అదియు నిజము కాదు. మెత్తని రబ్బరు పొడి తలముపై ఒకటిని మించుట కలదు.

ఈ మాటను మరచుటవలన కలుగు ప్రమాదములు ఇంటిలోనే కలవు. నిచ్చెనను చూడుడు. గోడ నునుపైనదనియు, నిచ్చెన బరువు మనిషి బరువుతో పోల్చగా స్వల్పమనియు అనుకొందము. మనిషి పై మెట్టు చేరినప్పుడు నిచ్చెన అడుగు జారకుండవలెనన్న, నేలకును నిచ్చెన కాలికిని గల గుణకము ఒక నిష్పత్తికి తక్కువ కారాదు. ఆ నిష్పత్తి, గోడకును నిచ్చెన అడుగునకును గల దూరమును, నిచ్చెన గోడను తాకు ఎత్తుచే భాగించగా వచ్చునది. నాలుగు మీటర్ల ఎత్తునకు ఒక మీటరు దూరమున నిలిపినచో 0.25 చాలును. రెండు మీటర్లు దూరముగా లాగినచో 0.5 కావలెను. సగము ఎక్కినంతవరకు దానిలో సగము గుణకమే చాలును గనుక, క్రింది మెట్లపై నిచ్చెన స్థిరముగా ఉన్నట్లే తోచును. పైకి పోయిన పిమ్మట మోసగించును. నిన్న పొడినేలపై నిలిచిన నిచ్చెన నేడు సబ్బునీటి నేలపై నిలువవలెనని నియమము లేదు. జత అదే, స్థితి వేరు.

స్నానపు గదిలో వృద్ధులు జారిపడుట వినని యిల్లు అరుదు. అంగడిలో టైలును చేతితో నిమిరి కొనుట పొడిగానున్న చేతికి సంబంధించిన పరీక్ష. అచ్చట నడువబోవునది తడిసిన పాదము. కొనుటకు ముందు ఒక్క టైలును ఇంటికి తెచ్చుకొని, ఇంటిలో వాడు చెప్పును కొంత బరువుతో దానిపై నుంచి, పైని చెప్పినట్లు వాల్చి చూడుడు: మొదట పొడిగా, తరువాత నీటితో, ఆపైన సబ్బునీటితో. మూడు వాలులకును గల తేడా కన్నులారా చూచిన గృహస్థు మరి నిమిరి కొనడు. అయితే ఈ పరీక్ష రెండు టైళ్లలో ఏది మేలు అని పోల్చుటకు మాత్రమే పనికివచ్చును. నడుచు మనిషి అడుగు వేయు తీరు వేరు. అందుచేతనే జర్మనీలో రూపొందిన పద్ధతియందు, రక్షణపట్టీ కట్టుకొని బూట్లు తొడిగిన మనిషి నూనె పూసిన వాలుపై ముందుకు వెనుకకు నడుచుచుండగా వాలును క్రమముగా పెంచుదురు. అతడు క్షేమముగా నడువలేని కోణమును బట్టి ఆర్ 9 మొదలు ఆర్ 13 వరకు తరగతులు నిర్ణయింతురు. ఆర్ 9 అనగా 6 నుండి 10 డిగ్రీలు; ఆర్ 13 అనగా 35 డిగ్రీలకు పైన. ఈ సంఖ్య బూటునకును నూనెకును సంబంధించినది. వట్టి పాదములకు సబ్బునీటితో వేరుగా పరీక్ష చేసి ఏ, బి, సి అను తరగతులు ఇత్తురు. స్నానపు గదికి కావలసినది ఈ రెండవది.

రోడ్ల విషయమున లోలకముతో కొలుచు పద్ధతి కలదు. లోలకపు కొనకు రబ్బరుముక్కను అమర్చి, తడిపిన రోడ్డును రాచుకొనిపోవునట్లు వదలుదురు. రాపిడి ఎక్కువైన కొలది లోలకము ఆవలి ప్రక్కకు తక్కువ ఎత్తు పోవును. అమెరికాలో మొదలై బ్రిటనులోని రోడ్ల పరిశోధనశాలలో మెరుగుపడిన ఈ పరికరము తడి రోడ్డునే పరీక్షించుట గమనింపదగినది. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము బ్రేకు పట్టిన పిమ్మట, గుణకము 0.7 అయినచో సుమారు 20 మీటర్లలో ఆగును. తడిసి అది 0.35కు దిగినచో 40 మీటర్లు కావలెను. గుణకము సగమైన దూరము రెట్టింపు. వేగము రెట్టింపైనచో దూరము నాలుగు రెట్లు. ముందు పోవు బండికిని మనకును గల ఎడము వాననాడు ఎంత ఉండవలెనో ఈ చిన్న లెక్కయే చెప్పుచున్నది.

కాబట్టి ఘర్షణ గుణకమని ఎవరైనను ఒక సంఖ్య చెప్పినప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుట మంచిది. ఏ రెండు వస్తువుల నడుమ? పొడియా, తడియా, నూనెయా? నిలిచియున్నప్పుడా, కదలుచున్నప్పుడా? ఏ పద్ధతిని, ఎన్నిసార్లు కొలిచిరి? ఈ నాలుగింటికిని జవాబు ఉన్న సంఖ్య, అది స్థూలమైనదైనను, నమ్మదగినది. జవాబు లేని సంఖ్య, ఎన్ని దశాంశస్థానములు గలదైనను, తడినేలపై నిలిపిన నిచ్చెనవంటిది.